చిన్నరాయప్ప నెర్రె

గవ్వలకొండ సొరంగంలో ఒక నెర్రె ఉంది. నీళ్లు కట్టేసిన రోజుల్లో విస్సన్నపేట వైపు నోట్లోంచి లోపలికి నడిస్తే, వెనక వెలుతురు సన్నగిల్లి కళ్లు చీకటికి అలవాటు పడే చోట, ఎడమ గోడ మీద కనిపిస్తుంది. పిడుగు పడ్డ తాటిమొద్దు మీది గీతలాగా అడుగు నుంచి కప్పు దాకా వంకర తిరుగుతూ పాకింది. ఇప్పుడది మూతబడిన నెర్రె. తారూ సిమెంటూ కూరిన నల్లటి మచ్చ. చుక్క నీరు కారదు. అయినా దానికి ఒక పేరుంది. కాలువ కాసే లస్కర్ల దగ్గర్నుంచి, కొండ కింద గడ్డి కోసుకునే ఆడవాళ్ల దాకా అందరూ దాన్ని 'చిన్నరాయప్ప నెర్రె' అంటారు.

సొరంగం నోటి దగ్గర నున్నటి రాతిపలక నిలబెట్టారు. దానిమీద పెద్దవాళ్ల పేర్లు చెక్కారు. కొండను తొలిచినవాళ్ల పేర్లు లేవు. మందు పేలి పోయినవాళ్ల పేర్లూ లేవు. పనిచేసిన చేతుల్లో ఒకే ఒక్క మనిషి పేరు ఆ కొండకు అంటుకుంది. అదీ తప్పుకు పెట్టిన పేరు.

చిన్నరాయప్ప ఎదురుగానే ఆ మాట అంటారు. ఎగతాళికి అనేవాళ్లు కొందరు, దాని పేరు అదే కదా అని అనేవాళ్లు కొందరు.

"గొడ్డు ఎక్కడిదాకా పోయిందిరా?"

"చిన్నరాయప్ప నెర్రె దాకా పోయి దొరికిందిలే."

ఆ మాట వినబడినప్పుడు అతను ఈ భుజం మీది తువ్వాలు ఆ భుజం మీదికి మార్చుకుంటాడు. అంతే. కాదనడు, కసరడు, నవ్వడు.

రాయప్ప అన్న పేరు ఆ పల్లెకు కొత్తది కాదు. తాత పెద్దరాయప్ప, మనవడు చిన్నరాయప్ప. రాయప్ప అంటే పేతురనీ, పేతురంటే రాయి అనీ, ఆ రాతి మీదే ప్రభువు తన గుడి కట్టుకున్నాడనీ చర్చిలో స్వాములవారు ప్రసంగంలో చెప్పినప్పుడల్లా జనం వెనక్కి తిరిగి చిన్నరాయప్పను చూసి నవ్వుకునేవారు. ఎందుకంటే అతనిది రాతితో పనే కాదు. ఆ చుట్టుపక్కల అంత మెత్తటి పని చేసే మగవాడు ఇంకొకడు లేడు.

అతను మామిడికాయలు మాగబెట్టేవాడు.

నూజివీడులో లక్ష్మీనారాయణ శెట్టిగారికి పళ్ల కొట్టు ఉంది. తోటల నుంచి బళ్ల మీద దిగిన చిన్నరసాలూ పెద్దరసాలూ ఆ కొట్లో వరిగడ్డి పరుపుల మీద పడుకుని పండేవి. గడ్డి ఎంత మందం వేయాలో, ఏ కాయ అడుగున ఉండాలో, తలుపు ఎప్పుడు మూయాలో అన్నీ చిన్నరాయప్ప చూసుకునేవాడు. గడ్డి ఎండి గలగలలాడాలి. ఒక్క చుక్క నీరు తగిలినా కాయ నల్లబడి, పక్క కాయను కూడా చెడగొడుతుంది. 'మాగకి నీళ్లు మిత్తి', అంటే చావు, అని పల్లెలో సామెత. అందుకే అతను చేతులు కడుక్కున్నాక తువ్వాలుతో తుడుచుకుని, ఎండలో కాసేపు ఆరబెట్టుకుని మరీ కాయ ముట్టుకునేవాడు.

ముట్టుకోవడమే అతని విద్య. బొటనవేలు ముచ్చిక పక్కన ఆనించి, తక్కిన వేళ్లు కాయ నడుం చుట్టూ చుట్టి, నొక్కీ నొక్కనట్టు నొక్కేవాడు. "ఇది రేపటికి. ఇది ఎల్లుండికి. ఇది శెట్టిగారి అల్లుడికి" అని వేరు చేసేవాడు. అల్లుడికి అన్న కాయ ఎప్పుడూ తప్పేది కాదు.

"పెళ్లిచూపుల్లో నా బుగ్గ కూడా నొక్కి చూస్తాడేమోనని భయపడ్డానమ్మా" అనేది అతని పెళ్లాం భాగ్యవతి, వినే ఆడవాళ్లు దొరికితే.

"నొక్కక్కర్లేదే, చూస్తేనే తెలిసింది దోరగా ఉన్నావని" అనేవాడతను, తల వంచుకుని.

అయితే మామిడి కాపు కడుపు నింపేది ఎన్నాళ్లు? చైత్రంలో మొదలై ఆషాఢం తొలివానలకు అయిపోతుంది. తక్కిన ఏడంతా కూలి వెతుక్కోవడమే. స్వరాజ్యం వచ్చిన రోజుల్లోనే గవ్వలకొండ కింద సొరంగం పని మొదలైంది. కొండకు అవతల పారే ఏరు నీళ్లను ఇవతలి మెట్టకు తేవాలని. జమీందారీలు పోతాయంటున్నారు, మెట్ట మాగాణి అవుతుందంటున్నారు. పల్లెకు అందులో సెంటు భూమి రాదని పల్లెకు తెలుసు. కూలి వస్తుందని మాత్రం తెలుసు. అంచేత ఆడా మగా కలిసి వెళ్లారు. వాళ్లకు చిన్నరాయప్ప మాట మీద గురి. కంట్రాక్టరు అతన్నే ముఠాకు పెద్దను చేశాడు.

రెండో ఏడు మాఘమాసానికి సొరంగం రెండు నోళ్లూ కలిశాయి. ఇక లోపల గోడలకూ కప్పుకూ కాంక్రీటు తొడుగు వేయాలి. కొండ ఊట సొరంగంలోకి రాకూడదు, సొరంగం నీరు కొండలోకి ఇంకిపోకూడదు. సిమెంటుకు కంట్రోలు ఉన్న కాలం అది. ఒక్కో బస్తా పసిపిల్లను దించినట్టు దించుకునేవారు.

విస్సన్నపేట వైపు మొదటి వరస గోడ పోసి, చెక్కలు ఊడదీసిన రోజున ఇంజనీరు వచ్చాడు. గోడ తట్టి చూసి, ఓవర్సీరు కృష్ణమూర్తితో ఇంగ్లీషులో ఏదో చెప్పి, జీపెక్కి వెళ్లిపోయాడు. కృష్ణమూర్తిది బందరు. కుర్రవాడు, మంచి మాట ఉన్నవాడు. కూలివాళ్లను ఒరేయ్ అనడు. వాళ్లతో వాళ్ల మాటల్లోనే మాట్లాడాలని అతనికి ముచ్చట. ఇంజనీరు చెప్పినదాన్ని తెలుగులో ఎలా చెప్పాలా అని కాసేపు తడుముకుని, ముఖం వెలిగిపోతూ అన్నాడు:

"ఇదిగో రాయప్పా, ఈ గోడ కూడా మీ మామిడికాయలాంటిదేనయ్యా. పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. తొందరపడకూడదు. గడ్డి కప్పి మాగబెట్టాలి."

చిన్నరాయప్ప మొహం కూడా వెలిగింది. సొరంగంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి తనకు తెలిసిన మాట ఒకటి వినబడటం అదే మొదలు.

"మాగ సంగతి మాకు చెప్పాలా అండీ! మీరు నిశ్చింతగా ఉండండి."

ముఠాలో జోజిబాబు అని ఒకడున్నాడు. నోరు ఊరుకోదు. "మాగినాక మా పల్లెకి కూడా ఓ నాలుగు గోడలు పంపిస్తారాండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. కృష్ణమూర్తీ నవ్వి, రెండో నోటి దగ్గర పని చూడటానికి వెళ్లిపోయాడు.

కాంక్రీటును మాగబెట్టడమంటే తడిపిన గడ్డి కప్పి, అది ఆరకుండా రోజుల తరబడి నీళ్లు కొడుతూ ఉండటం. నీళ్లు తాగితేనే అది గట్టిపడుతుంది. ఓవర్సీరు లెక్కన గడ్డి తడిగా ఉండాలన్నది చెప్పాల్సిన సంగతే కాదు. చిన్నరాయప్ప లెక్కన గడ్డి పొడిగా ఉండాలన్నది అడగాల్సిన సంగతే కాదు. ఇద్దరూ ఒకే మాట అనుకున్నారు. ఒకడికి ఆ మాట నిండా నీళ్లు, ఇంకొకడికి చుక్క నీరు లేదు.

చిన్నరాయప్ప తన జన్మలో అంత శ్రద్ధగా ఏ మాగా వేయలేదు. గలగలలాడే వరిగడ్డి తెప్పించి, చాపల్లాగా అల్లించి, వెదురు దబ్బలతో గోడకు అదిమి కట్టించాడు. భాగ్యవతి నీళ్లకుండతో పోతూ అక్కడ కాలు జారి కుండ తొణికితే, ఎన్నడూ గట్టిగా మాట్లాడనివాడు కేకలేశాడు.

"మాగ మీద నీళ్లేంటే! కళ్లున్నాయా లేవా?"

"పోనీలేవయ్యా, గోడేం కుళ్లిపోదులే" అందామె, తడిసిన చీర పిండుకుంటూ.

రెండు నోళ్లూ తెరుచుకున్న సొరంగంలో ఫాల్గుణం ఎండగాలి ఈల వేస్తూ పరుగెత్తింది. పొడి గడ్డి గోడలోని తడినంతా పీల్చేసింది. గడ్డి తీసేసరికి గోడ మీద చెరువుమట్టి ఎండినట్టు సన్నటి గీతలు. వాటి మధ్య ఒకటి పెద్దది, అడుగు నుంచి కప్పు దాకా. భాగ్యవతి కుండ తొణికిన చోట మాత్రం, చాపంత మేర, గోడ నున్నగా ఉంది.

కంట్రాక్టరు మనుషులు పైపైన సిమెంటు పాలు పూసి గీతలు కప్పేశారు. మామిడి కాపు వచ్చింది. చిన్నరాయప్ప ఎప్పటిలాగే నూజివీడు కొట్టుకు వెళ్లాడు, కాయలు మాగబెట్టాడు, తిరిగొచ్చాడు. ఆషాఢంలో వాన పట్టింది. కొండ తాగిన నీరంతా ఆ నెర్రెలోంచి సొరంగంలోకి కారడం మొదలుపెట్టింది. గోడ ఏడుస్తున్నట్టే ఉంది.

ఇంజనీరు వచ్చాడు. కంట్రాక్టరు గొడుగు పట్టుకుని వెనక నిలబడ్డాడు. ముఠాను వరసగా నిలబెట్టారు.

"గోడకు నీళ్లు కొట్టొద్దని ఎవడు చెప్పాడు?" అని అడిగాడు ఇంజనీరు.

కృష్ణమూర్తి పెదాలు తడుపుకున్నాడు. "నేను... తడపమనే చెప్పాను సార్. వాళ్లే సరిగ్గా..." అని ఆగిపోయాడు.

చిన్నరాయప్ప తలెత్తి అతని వంక చూశాడు. ఓవర్సీరు చూపు నేల మీద ఉంది. 

"తడి అన్న మాటే రాలేదండీ ఆయన నోట్లోంచి! మాగబెట్టమన్నాడు, మేం మాగ..." అని జోజిబాబు ముందుకొచ్చాడు. చిన్నరాయప్ప అతని రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు.

"నేనే అట్టా విన్నానండి. తప్పు నాదే."

"మాగబెట్టడమేంట్రా? ఇదేమన్నా మీ శెట్టి పళ్ల కొట్టనుకున్నావా?" అన్నాడు కంట్రాక్టరు. వెనక మేస్త్రీలు కిసుక్కుమన్నారు. "పేరేమో రాయప్ప, చేసిందేమో నెర్రె! చిన్నరాయప్ప నెర్రె!" ఆ గొడుగు కిందే ఆ పేరు పుట్టింది.

గోడ పోసిన నాటి నుంచీ తడి చూడటానికి ఒక్క మనిషిని కూడా పెట్టని కంట్రాక్టరును ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పింది అర్థమైందా లేదా అని వెనక్కి తిరిగి చూడని ఇంజనీరును ఎవరూ అడగలేదు. పగిలిందని తెలిసీ పైన పూత పూసినవాళ్లను అసలే అడగలేదు. తప్పు ఒప్పుకున్నవాడు ఒకడు దొరికాక ఇంకొకడిని వెతికే పని ఏముంది?

"ముఠా మొత్తాన్నీ పొమ్మంటాను. లేదా పగలగొట్టినవాడే పూడుస్తాడు. తేల్చుకో" అన్నాడు కంట్రాక్టరు. చిన్నరాయప్ప వరసలో నిలబడ్డ తన పల్లెను ఒకసారి చూసుకున్నాడు.

"పూడుస్తానండి."

ఇంటికి పోయే దారిలో జోజిబాబు ఊరుకోలేదు. "నీకేమన్నా పిచ్చా మావా? ఆయన అబద్ధమాడాడు. నీ ఎదురుగా ఆడాడు!"

"అబద్ధం కాదురా. ఆయన అన్నది ఆయనన్నాడు, నేను విన్నది నేను విన్నాను. నీళ్లే మధ్యలో ఎక్కడో పడిపోయాయి."

నెర్రె పూడ్చే పని ఎలాంటిదో చూసినవాళ్లకే తెలుస్తుంది. ముందు ఉలితో నెర్రె పొడుగునా గాడి కొట్టాలి. పైన సన్నంగా, లోపల వెడల్పుగా. దుమ్మంతా తోమి తీయాలి. జనపనారను కాగిన తారులో ముంచి ఆ గాడి లోపలికి కూరాలి. దానిపైన సిమెంటులో చాకలిసోడా కలిపి, ముద్ద చేసి అదమాలి. సోడా కలిస్తే సిమెంటు చూస్తూ ఉండగానే బిగుసుకుంటుంది. అది బిగిసేదాకా, కారే నీటికి ఎదురుగా, ముద్దను అరచేత్తో నొక్కి పట్టుకోవాలి. తాపీతో నిలవదు, నీరు తోసేస్తుంది. ఉత్త చెయ్యే పెట్టాలి. ముద్ద చేతిలోనే వేడెక్కుతుంది. ఆ వేడిలో సోడా, సున్నపుగుణం కలిసి చర్మాన్ని తింటాయి. మామిడి సొన కాలుస్తుంది, రెండు రోజుల్లో పొక్కు ఊడి మానుతుంది. సిమెంటు అలా కాదు. మానడానికి వ్యవధి ఇవ్వదు.

ఒక చోట పూడిస్తే నీరు ఇంకో చోట కన్ను తెరిచేది. దీపం పెట్టి వెతికినా తడిగోడ మీద కనబడని ఆ కన్ను చిన్నరాయప్ప వేళ్లకు తెలిసేది. గోడ మీద చెయ్యి వేసి మెల్లగా జరుపుతూ, "ఇదిగో, ఇక్కడ చల్లగా కొడతంది" అనేవాడు. అక్కడే ఉలి పెడితే నీరు చిమ్మేది. మామిడికాయ మనసు తెలిసిన వేళ్లు కదా. కంట్రాక్టరుకు అది కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ తరువాత సొరంగంలో ఎక్కడ ఊట కనబడినా చిన్నరాయప్పకే కబురు వచ్చేది, అది అతను పగలగొట్టిన గోడ అయినా కాకపోయినా.

స్టోరు గదిలో రబ్బరు చేతితొడుగులు ఉన్నాయి. జోజిబాబు కళ్లారా చూశాడు. పై అధికారులు తనిఖీకి వచ్చిన రోజున వాటిని తెచ్చి ముఠాకు తొడిగించారు. జీపు కొండ మలుపు తిరగగానే ఊడదీయించి, తుడిచి, మళ్లీ పెట్టెలో పెట్టారు.

"ఉంచితే ఏమవుద్దండీ?" అని జోజిబాబు అడిగాడు.

"తొడుగేసుకుంటే మీవాడికి ఊట ఎక్కడుందో తెలుస్తుందిరా?" అన్నాడు కంట్రాక్టరు.

అందులో కొంత నిజం ఉండటమే అన్నింటికంటే బాధ. వెతికేటప్పుడు ఉత్త చెయ్యి కావాలి. కానీ సిమెంటు అదిమేటప్పుడు తొడుగు వేసుకోవచ్చు కదా! ఆ ముక్క అడిగినందుకు జోజిబాబుకు ఆ రోజు హాజరు పడలేదు.

భాగ్యవతి ఎవరినీ అడగలేదు. సాయంత్రం అతను ఇంటికి రాగానే చేతులు వేడినీళ్లలో పెట్టించి, ఆముదం రాసేది. తరవాత కళ్లు మూసుకోమని అరచేతిలో ఏదో ఒకటి పెట్టేది.

"ఇదేంటో చెప్పు."

"కంది."

"ఇది?"

"పెసర."

"మరి ఇది?"

"నీ ముక్కుపుడక. తీసి ఇచ్చేంత కష్టం ఏమొచ్చింది నీకు?" అని నవ్వించేవాడు.

వానలు పోయి మంచు పడేనాటికి ఆట మారింది. అతని వేళ్ల కొసలు తెల్లబడి, నానిన చింతగింజల్లాగా అయ్యాయి. చర్మానికి సన్నటి కంతలు పడ్డాయి. పుళ్లు మానిన చోట కొత్త చర్మం గాజు పలకలా మెరుస్తూ వచ్చింది. ఆమె కంది పెడితే అతను కాసేపు దొర్లించి, ఆలోచించి, "పెసర కదూ?" అనేవాడు.

"పెసరే" అనేది భాగ్యవతి.

తోటల్లో పూత దిగినప్పుడు ఆమె ఇక ఉండబట్టలేకపోయింది. "మానేయవయ్యా. వచ్చే కాపుకి ఈ చేతులు కావాలి మనకి. శెట్టిగారు నీ కోసం చూస్తాడు."

"కొంచెమే మిగిలిందే. కప్పు దగ్గర ఒక్క కన్ను. అది మూస్తే నా పేరు పోద్ది."

నెర్రె మూస్తే పేరు కూడా మూతబడుతుందని అతని ఆశ.

ఫాల్గుణంలో ఆ చివరి కన్నూ మూసుకుంది. గోడ ఆరింది. అదే వారంలో కృష్ణమూర్తికి బదిలీ అయింది. వెళ్లేముందు పల్లెకు వచ్చాడు. వాకిట్లో నిలబడి, కాగితంలో చుట్టిన మలాం సీసా భాగ్యవతి చేతికిచ్చాడు. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"రాయప్పా, ఆ రోజు... ఆ మాట నేను..."

"తెలుసండి" అన్నాడు చిన్నరాయప్ప.

"మా అమ్మ ఒక్కతే. కొత్త ఉద్యోగం. అప్పుడు..."

"తెలుసండి."

ఆ రెండు 'తెలుసండి'ల మధ్య అతను క్షమించాడో, ఊరుకున్నాడో భాగ్యవతికి ఇప్పటికీ తెలియదు. ఆమె మాత్రం ఆ సీసా మూత తీయలేదు. ఓవర్సీరు వీధి మలుపు తిరిగేదాకా చూసి, "ఆయన ఈ నోరేదో ఆ రోజు కంట్రాక్టరు గొడుగు ముందు తెరవాల్సింది" అంది.

చైత్రం వచ్చింది. నూజివీడులో శెట్టిగారి కొట్టు ముందు బళ్లు ఆగాయి. చిన్నరాయప్ప చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఎండలో ఆరబెట్టుకున్నాడు. గడ్డి పరిపించాడు. కాయలు పేర్పించాడు. అంతదాకా బాగానే ఉంది. అది కళ్లతో చేసే పని.

మాగ విప్పే రోజున భాగ్యవతి కూడా గంపలు మోయడానికి వచ్చింది. చిన్నరాయప్ప ఒక రసం చేతిలోకి తీసుకుని బొటనవేలు ఆనించాడు. పక్కన పెట్టాడు. మళ్లీ తీశాడు. ఇంకొకటి తీసి గట్టిగా నొక్కాడు. తొక్క చిట్లి రసం మోచేతి దాకా కారింది.

శెట్టిగారు గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చాడు. చూడనట్టే ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ వ్యాపారం ఊరుకోనివ్వదు. రెండు కాయలు ఏరి, రెండు చేతుల్లో పెట్టాడు.

"కళ్లు మూసుకో రాయప్పా. ఏది పండు?"

చిన్నరాయప్ప కళ్లు మూసుకున్నాడు. కుడిచేతిది నొక్కాడు, ఎడమచేతిది నొక్కాడు.  అప్పుడు తలుపు దగ్గర భాగ్యవతికి దగ్గు వచ్చింది. అప్పుడతను ఎడమచేతిది నొక్కుతున్నాడు.

"ఎడమదండి."

శెట్టిగారు కాయలు మార్చి పెట్టాడు. మళ్లీ దగ్గు వచ్చింది.

"కుడిదండి."

శెట్టిగారు మూడోసారి కాయలు పెట్టలేదు. "భాగ్యమ్మా, గొంతు ఎండినట్టుంది. కుండలో నీళ్లున్నాయి, పోయి తాగు" అన్నాడు మెల్లగా. ఆమె కదల్లేదు. శెట్టిగారు మళ్లీ రెండు కాయలు చేతుల్లో పెట్టాడు. ఈసారి ఎవరూ దగ్గలేదు.

చిన్నరాయప్ప రెండింటినీ మార్చి మార్చి నొక్కాడు. తరవాత కళ్లు తెరిచి, రెండు కాయలనూ గడ్డి మీద పక్కపక్కన పడుకోబెట్టాడు, పిల్లల్ని పడుకోబెట్టినట్టు.

"తెలీడం లేదండి" అన్నాడు.

శెట్టిగారు చెడ్డవాడు కాదు. గంపలు మోసే పని ఉంచాడు. మాగ ఇంకొకడికి ఇచ్చాడు. ఆ కొత్తవాడు కాయ నొక్కేటప్పుడు చిన్నరాయప్ప అటు తిరగడు. గంప నెత్తికెత్తుకుని బండి దగ్గరికి వెళ్లిపోతాడు. 'అల్లుడికి' అన్న మాట ఆ కొట్లో మళ్లీ వినపడలేదు.

ఇంటి దగ్గర అతనికి జపమాల పూసలు కూడా తెలియడం లేదు. వేళ్ల మధ్య ఏది చిన్న పూసో, ఏది పెద్ద పూసో తేలక ఒకే మంగళవార్త జపం దగ్గర తిరుగుతూ ఉండిపోతాడు. అందుకని భాగ్యవతి తన పూసలు జరుపుతూ పైకి చెబుతుంది, అతను వెనక అందుకుంటాడు. చొక్కా గుండీ కూడా ఆమే పెడుతుంది. తలలో తెల్ల వెంట్రుక రాని మనిషి అతను.

కాలువలో నీళ్లు వదిలిన నాడు పల్లె అంతా చూడటానికి వెళ్లింది. దండలు వేశారు, ఉపన్యాసాలు ఇచ్చారు. సొరంగం నోట్లోంచి నీళ్లు నురగలు కక్కుతూ వచ్చి, పెద్దరైతుల మెట్టల వైపు తిరిగిపోయాయి. ఇద్దరు లస్కర్లు మాట్లాడుకుంటున్నారు. "ఎక్కడా కారడం లేదుగా?" "అబ్బే. చిన్నరాయప్ప నెర్రె కూడా రాయిలాగుంది." జోజిబాబు వాళ్ల మీదికి పోబోతే చిన్నరాయప్ప ఆపాడు. తువ్వాలు భుజం మార్చుకున్నాడు. కాసేపటికి, ఎవరితోనో కాదు, నీళ్లతో అన్నట్టు అన్నాడు: "మూశాను గదా. ఇంకా పేరు పోలేదేంటి?"

అతను కోరుకున్నది ఆ ఒక్కటే. వేళ్లు ఇచ్చి దాన్ని కొనుక్కోవాలనుకున్నాడు. వేళ్లు పోయాయి, పేరు మిగిలింది.

ఇది చదివిన మీరు చేయగలిగింది ఉంది. ఈ కార్తీకంలో గవ్వలకొండ పక్కకొండకు రెండో సొరంగం మొదలవుతుందని చెబుతున్నారు. కూలివాళ్లను కుదుర్చుకునే మనుషులు విస్సన్నపేట సంతలోనూ, హనుమాన్ జంక్షన్ దగ్గరా నిలబడుతున్నారు. మీలో కొట్లున్నవాళ్లున్నారు, బడి పంతుళ్లున్నారు, స్వాములవారి మాట వినే పెద్దలున్నారు. ఆ మనుషుల దగ్గరికి వెళ్లండి. ఒక్కరు కాదు, పదిమంది కలిసి వెళ్లండి. సిమెంటు ముట్టుకునే ప్రతి చేతికీ తొడుగు ఇస్తారా అని అడగండి. తనిఖీ నాటికి కాదు, ప్రతి రోజుకూ. పని చెప్పేవాడు చెప్పి జీపెక్కకుండా, చెప్పించుకున్నవాడి చేత తిరిగి చెప్పించుకుంటాడా అని అడగండి. చేతులు పోతే ఆ ఇంటికి అన్నం ఎవరు పెడతారని అడగండి. జవాబు రాకపోతే మర్నాడు మళ్లీ వెళ్లండి. జవాబు వచ్చేదాకా మన పల్లెల నుంచి ఒక్క మనిషి కూడా కూలికి తీసుకుపోయే బండి ఎక్కకుండా పక్కన నిలబడండి. ఆ కూలివాళ్లకు ఆ పూట కూడు మీ ఇళ్లలో పెట్టండి. ఉత్త మాటలతో కడుపు నిండదు.

ఇంకొకటి. ఇది మరీ తేలిక, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ గోడ మీద మచ్చను ఇవాళ్టి నుంచి కంట్రాక్టరు నెర్రె అనండి, తొందర నెర్రె అనండి, మీ ఇష్టం వచ్చిన పేరు పెట్టుకోండి. గడ్డి కోసేవాళ్లకు చెప్పండి, గొడ్లు కాసేవాళ్లకు చెప్పండి. చిన్నరాయప్ప పేరు మాత్రం ఆ గోడ మీంచి దించి, అతనికి తిరిగి ఇచ్చేయండి.